ఆరింటి ఆసవం

అక్టోబరు 14, మంగళవారం

పొద్దున అత్తను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. తూకం మళ్లీ తగ్గింది. పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయినప్పుడు కూడా నేను ఇంత భయపడలేదు. చెయ్యి కొంచెం కొంచెంగా లేస్తోంది, మాట తిరిగొచ్చింది, మింగడానికి ఏ ఇబ్బందీ లేదని డాక్టరే చెప్పాడు. తిండి మాత్రం మానేసింది. ఏది పెట్టినా మట్టి తిన్నట్టుందంటుంది. రెండు ముద్దలు తిని మూడో ముద్దకు నోరు మూసేస్తుంది.

వచ్చే నెల పదిహేడున మళ్లీ రమ్మన్నాడు. అప్పటికీ ఇలాగే ఉంటే ముక్కులోంచి గొట్టం వేసి పాలూ జావా పోయాల్సిందే అన్నాడు. ఆమె ముందే అన్నాడు. ముసలివాళ్లకు చెవులుండవనుకుంటారు కాబోలు.

ఆటోలో వస్తుంటే కుడిచేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"మల్లీ, నాకు ఆ గొట్టం పెట్టియ్యొద్దు. కంభంలో మా అక్కకు పెట్టినారు. పీక్కుంటాదని చేతులు మంచానికి కట్టేసినారు. నేను చూసినా. అట్ల బతకలేను నేను."

"పెట్టియ్యను అత్తా."

అనేశాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు. మా ఆయన ముందు సీట్లో కూర్చుని ఫోన్లో లారీ గురించి మాట్లాడుతున్నాడు.

అక్టోబరు 15

పెసరకట్టు చేశాను. వద్దంది. సగ్గుబియ్యం జావ చేశాను. వద్దంది. ఊరమిరపకాయ నాలుక్కి తగిలిస్తే "మంట" అంది. రుచి తెలిసిందా అంటే మళ్లీ "మంట" అంది.

అక్టోబరు 17, శుక్రవారం

ఇటలీ నుంచి మన ఫ్యాక్టరీ పలకలు కొనే ఆయన వచ్చాడు. మద్రాసు ఏజెంటు కిషోర్ వెంటబెట్టుకొచ్చాడు. నిన్న రాత్రి చెప్పి ఈరోజు మధ్యాహ్నానికి విందు వంట చేయమన్నాడు మా ఆయన. పులిహోర, వడలు, కందిపప్పు, దోసకాయ పచ్చడి, పరవాన్నం చేశాను. అత్తకు మధ్యలో రెండుసార్లు పక్క మార్చాను.

వచ్చినాయన నెమ్మదస్తుడు. వడలు ఇష్టంగా తిన్నాడు. వాళ్లది కొండల్లో ఊరంట. కొండ మీద మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలంట. ఆ కొండ కూడా మన మార్కాపురం లాగా పలకరాయే, పలకల సందుల్లోంచి ద్రాక్ష వేరు నీళ్లు వెతుక్కుంటూ దిగుతుందంట. తోటలో ఏ వరస ఏ రకమో రాసి పాతడానికి మన పలకలే కొంటాడంట. ఇన్నేళ్లుగా లారీలకెక్కించిన పలకలు ఏ కొండెక్కాయో ఈరోజు తెలిసింది నాకు.

పోయేముందు అట్టపెట్టె ఒకటి మా ఆయన చేతిలో పెట్టాడు.

"ఆయన తోటదేనంట అక్కా. ఎర్ర వైను. చాలా సొగసైన వైను అని చెప్తాండాడు," అన్నాడు కిషోర్.

చీరకు సొగసు విన్నాను. నడకకు విన్నాను. తాగేదానికి సొగసేమిటో.

వాళ్ల కారు వీధి మలుపు తిరగగానే మా ఆయన ఆ పెట్టెను చచ్చిన ఎలుకను పట్టుకున్నట్టు రెండు వేళ్లతో నాకిచ్చాడు. "పారబోయి. సీసా ఎవరికీ కనపడకుండా పారెయ్," అని ఫ్యాక్టరీకి పోయాడు.

ఎక్కడ పారేయాలి? మునిసిపాలిటీ చెత్తబండి సుబ్బయ్య కిరాణా దుకాణం ముందు ఆగుతుంది. అక్కడే చెత్త వేరు చేస్తారు. ఉల్లిపాయ తినడం తప్ప ఇంకో తప్పు చేయని ఇల్లని పేరు మాకు. మా సంచిలోంచి సారా సీసా బయటపడితే సాయంత్రానికల్లా గిద్దలూరులో మా ఆడబిడ్డ భవాని చెవిన పడుతుంది.

ప్రస్తుతానికి బియ్యం డ్రమ్ములో అడుగుకు దించాను. రేపు పారబోయాలి.

అక్టోబరు 18

పారబోయలేదు. రేపు.

అక్టోబరు 20, దీపావళి

అత్త మైసూర్‌పాకు నోట్లో పెట్టుకుని తీసేసింది. ప్రతి దీపావళికీ డబ్బాలు డబ్బాలు చేసి వీధంతా పంచిన మనిషి. ఈసారి నేను దుకాణంలో కొన్నాను. గుమ్మం ముందు నాలుగు ప్రమిదలు పెట్టి లోపలికి వచ్చేశాను. రాత్రి నాకూ తినాలనిపించలేదు. మజ్జిగ తాగి పడుకున్నాను.

అక్టోబరు 23

ద్రాక్షాసవం అయిపోయింది.

మామ ఉన్న రోజుల నుంచీ ఈ ఇంట్లో సాయంత్రం ఆరింటికి పెద్దవాళ్లకు రెండు మూతల ద్రాక్షాసవం ఇవ్వడం అలవాటు. అరుగుదలకు, ఆకలికి. దేవుడి దగ్గర దీపం ఎంతో ఇదీ అంతే. అత్త ఆ రెండు ముద్దలైనా తింటోందంటే ఆ ఆసవం పుణ్యమే. ఆమెకు నచ్చిన కంపెనీ సరుకు ఇప్పుడు రావడం లేదన్నాడు మందుల షాపాయన. వేరేది తెచ్చాను. ఉమ్మేసింది.

"బెల్లం నీళ్లు పోసి ఆసవం అంటావా. నేనేం పిచ్చిదాన్నా?"

ఖాళీ సీసాలు రెండూ కడిగి పెట్టాను. ఎందుకో పారేయబుద్ధి కాలేదు.

అక్టోబరు 25

ఒకే ఒక్క ముద్ద.

అక్టోబరు 26

ఈరోజు ఆమెను కసిరాను. పొద్దున ఇడ్లీ పాలల్లో మెదిపి గంటసేపు పక్కన కూర్చుంటే నోరు తెరవలేదు. "నీకు గొట్టం వద్దు, తిండీ వద్దు, మరి నన్నేం చెయ్యమంటావ్?" అన్నాను. గోడవైపు తిరిగింది. పని చేయడానికొచ్చే యేసుమణి వాకిట్లో అంట్లు తోముతూ వినీవిననట్టు ఉంది.

చచ్చిపోతే ఇద్దరమూ పడుకోవచ్చు కదా అనిపించింది. అనిపించింది, అంతే. రాసి కొట్టేయడమెందుకు, ఉండనీ.

అక్టోబరు 27, సోమవారం

ఈరోజు ఒక పని చేశాను.

ద్రాక్షాసవం అన్నా పులిసిన ద్రాక్షే. సీసా మీద చిన్న అక్షరాల్లో రాసే ఉంటుంది, అందులో ఆల్కహాలు ఎంత శాతముందో. ఒక షాపులో అమ్మితే ఆరోగ్యం, ఇంకో షాపులో అమ్మితే పాపమా? కొండ మీద ద్రాక్ష, పలకరాయి మీద పెరిగిన ద్రాక్ష. ఆ పెద్దమనిషి ఇంట్లో వాళ్లమ్మ కూడా తాగుతుందని చెప్పాడు. అంటే, చెప్పినట్టు గుర్తు.

డాక్టర్ను అడగాలి. అడిగితే వద్దంటాడు. అందుకే అడగలేదు.

మూతకు బెండు బిరడా. దాన్ని తీసే పనిముట్టు మన ఇళ్లలో ఎందుకుంటుంది? మా ఆయన పనిముట్ల పెట్టెలోంచి స్క్రూ ఒకటి తీసి బెండులోకి తిప్పి, పట్టకారుతో లాగాను. మోకాళ్ల మధ్య సీసా పెట్టుకుని లాగుతుంటే నా వాలకం చూసి నాకే నవ్వొచ్చింది. చివరికి బిరడా ఊడి వచ్చింది. వాసన చూశాను. ఫ్యాక్టరీలో మర మీద పలకలు కోసేటప్పుడు నీళ్లు కొడతారే, ఆ తడి పలక వాసన. దాని వెనక నేరేడుపండు. కుళ్లు వాసన వస్తుందనుకున్నాను. రాలేదు.

ఆసవం సీసాలు రెండింట్లోకీ ఒంపాను. ఒకదాంట్లో కొంచెం తేనె కలిపాను. రెంటినీ ఫ్రిజ్‌లో పెట్టాను. ఖాళీ సీసా మళ్లీ బియ్యం డ్రమ్ములోకే పోయింది. దాన్ని ఎక్కడ పారేయాలో ఇంకా తోచలేదు.

అక్టోబరు 28

తుఫాను వాన. కరెంటు లేదు. ఆరింటికి రెండు మూతలు పోశాను. చేతులు వణికాయి. ఆమె చప్పరించి కాసేపు కళ్లు మూసుకుంది.

"ఏ కంపెనీది ఇది?"

"కొత్తది అత్తా."

"పాతదాని మాదిరి గొంతు పట్టుకోలేదు. మెల్లగా దిగింది."

తర్వాత పెరుగన్నం పెట్టాను. మూడో ముద్దకు నోరు మూయలేదు. నాలుగు, అయిదు తింది. "గోంగూర పచ్చడి లేదా?" అంది.

వంటింట్లోకి వచ్చి జాడీ మూత తీస్తూ ఏడ్చాను. గోంగూర అడిగిందని ఏడ్చిన కోడలు ఈ జిల్లాలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

అక్టోబరు 30

తింటోంది. రాత్రిపూట మాత్రమే, అయినా తింటోంది. ఈరోజు తింటూ కబుర్లు కూడా చెప్పింది. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ ఊరికి ఎద్దులబండి మీద వచ్చిందంట. దారిలో కొనకనమిట్ల దగ్గర ఇరుసు విరిగితే పెళ్లిచీరతో చింతచెట్టు కింద కూర్చుని చింతకాయలు తిన్నదంట. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదు.

నవంబరు 1

ఆయనతో చెప్పాను, అమ్మ తింటోందని. "మంచి డాక్టరు," అన్నాడు.

నవంబరు 3

ఈరోజు రుచి చూశాను. తెరిచి వారమైంది, చెడిపోయి ఉంటే అత్త కడుపుకు పడదు కదా. ఎవరో ఒకరు చూడాలి. తేనె కలపని సీసాలోంచి ఒక్క చెంచా.

ముందు పుల్లగా తగిలింది. తర్వాత వగరు. కొమరోలులో మా నాయన వాళ్ల చేలో నేరేడుపళ్లు తిని నాలుక నీలంగా చేసుకుని వచ్చేవాళ్లం. ఆ వగరే. మింగాక కూడా పోలేదు, నెమ్మదిగా ఉండిపోయింది. అరవని మనిషి పక్కన కూర్చున్నట్టుంది. సొగసంటే ఇదేనేమో.

చెడిపోలేదు.

నవంబరు 4

చూశాను. బాగానే ఉంది.

నవంబరు 5, కార్తీక పౌర్ణమి

చెన్నకేశవస్వామి గుడికి పోలేకపోయాను. వాకిట్లోనే ఒత్తులు వెలిగించాను. అత్త మధ్యాహ్నం కూడా తింది.

చూశాను. వాన చెమ్మకు చెడుతుందేమోనని.

నవంబరు 6

ఆరింటికి అత్తకు రెండు మూతలు ఇస్తాను. ఆమె దాన్ని చప్పరిస్తూ విష్ణు సహస్రనామం వింటూ పది నిమిషాలు పడుకుంటుంది. ఆ పది నిమిషాలూ వంటింట్లో స్టవ్ ఆపేసి నిలబడతాను. నన్నెవరూ పిలవరు. ఒక మూత చూసి, మూత కడిగి పెట్టేస్తాను.

రాత్రి ఆకలి లేదు. మిగిలిన అన్నం పొద్దున తినొచ్చని నీళ్లు పోశాను. పొద్దున అది వీధిలో ఆవుకే పోతుంది, పెట్టేది నేనే.

నవంబరు 7, శుక్రవారం

తేనె కలపని సీసా అయిపోయింది. ఇది అత్తకు పోయనే లేదు ఇంకా. ఎట్లా అయిపోతుంది? సీసాకు చిల్లి పడిందా అని తిప్పి తిప్పి చూశాను.

పొద్దున ఫ్రిజ్ తుడిచింది యేసుమణి. అడిగాను.

"యేసుమణీ, ఇందులో అవ్వ ఆసవం తగ్గింది. నువ్వేమైనా తీసినావా?"

ఆమె చేతిలో గుడ్డ కింద పెట్టింది. "నీ ఇంట్లో మంచినీళ్లు తాగాలన్నా అడిగి తాగుతా కదమ్మా," అంది.

అత్తకు స్నానం చేయించి, బట్టలు మార్చి, వెళ్లిపోయింది.

నవంబరు 8

యేసుమణి రాలేదు. అత్తను ఒక్కదాన్నే లేపాను, ఒక్కదాన్నే కడిగాను. నడుము పట్టేసింది.

ఆరింటికి చూశాను. తేనె ఉన్న సీసాలోంచి. రెండు మూతలు చూశాను.

నవంబరు 9

ఎవరు తాగారో నాకు తెలుసు. శుక్రవారం అడిగేటప్పుడు కూడా తెలుసేమో. యేసుమణి ముఖం తలుచుకుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

నవంబరు 10

సాయంత్రం వాళ్లింటికి పోయి తప్పు నాదేనన్నాను. లెక్క మరిచిపోయానన్నాను. అది పూర్తి నిజం కాదు, అయినా అంతవరకే చెప్పగలిగాను.

"అవ్వ కోసం వస్తా," అంది. నాకోసం కాదని అర్థం. సరే.

నవంబరు 12, బుధవారం

భవాని వచ్చింది. గిద్దలూరులో వాళ్లది బట్టల దుకాణం, కార్తీకంలో తీరిక దొరకదు, అయినా వచ్చింది. తల్లిని చూసి మురిసిపోయింది.

"అమ్మ మొగంలో కళ వచ్చింది వదినా. ఏం పెడుతున్నావ్?"

"అందరూ పెట్టేదే."

అత్త మంచంలోంచి అందుకుంది. "కొత్త ఆసవం తెప్పించింది మీ వదిన. ఆకలి పుడతాంది. పోయేటప్పుడు నీకూ ఒక సీసా తీసుకుపో."

భవాని పేరు అడిగింది. చీటీ చిరిగిపోయిందన్నాను.

నవంబరు 13, గురువారం

ఉపకారం చేద్దామని పొద్దున భవాని బియ్యం ఏరడానికి కూర్చుంది. ఈ ఇంట్లో ఎవరూ నాకు ఉపకారం చేయరు, చేసిన ఒక్కరోజూ ఇలా అయింది. డ్రమ్ము అడుగునుంచి చేటకు ఎత్తబోతే సీసా చేతికి తగిలింది. దాని మీద కొండ బొమ్మ, ఇంగ్లీషు రాతలు. చదువుకున్న మనిషి. చదివింది. తర్వాత ఫ్రిజ్ తెరిచి ఆసవం సీసా వాసన చూసింది.

"మా అమ్మకు సారా పోస్తాండావా వదినా?"

"అది పోసినాకే తింటాంది భవానీ. ముందు ఒక్క ముద్దకు వచ్చింది. తినకపోతే గొట్టం పెడతారంట."

"పుట్టిన కాన్నుంచి ఏకాదశి తప్పని మనిషి. నీళ్లు కూడా మడిగా తాగే మనిషి. నీకు చేతులెట్ల వచ్చినాయి?"

వచ్చాయి. వణికాయి గాని వచ్చాయి. ఆ మాట అనలేదు.

నేను ఆపేలోపే తల్లి దగ్గరికి పోయి చెప్పేసింది. మిగిలింది వాకిట్లో ఒంపేసింది. తడిసిన బండల మీద ఎర్రగా పారి జాలారి కాలవలోకి పోయింది. యేసుమణి చీపురు పట్టుకుని చూస్తూ నిలబడింది.

అత్త నన్ను పిలిచింది.

"నిజమేనా మల్లీ?"

"నిజమే అత్తా."

గోడవైపు తిరిగిపోయింది. మధ్యాహ్నం తినలేదు. రాత్రి తినలేదు.

ఆయన వచ్చాక భవాని మొత్తం చెప్పింది. "పారబోయమన్నా కదా," అన్నాడు నాతో. ఒక నెల రోజుల నా బతుకు మీద ఆయన చెప్పిన మాట అది.

నవంబరు 14, శుక్రవారం

పొద్దున కూడా ముట్టలేదు. మధ్యాహ్నం అందరినీ మంచం దగ్గరికి పిలిపించింది.

"రేపు ఏకాదశి. నీళ్లు కూడా ముట్టను. తెలిసో తెలీకో నోట్లో పడింది. కడుక్కోవాల. ద్వాదశి నాడు తలకు పోసుకున్నాక చూద్దాం."

భవానికి అప్పుడు భయమేసింది. "అమ్మా, సోమవారం డాక్టర్ దగ్గరికి పోవాలమ్మా. ఇప్పుడు నీరసం వస్తే ఎట్ల?"

"వస్తే రానీ."

ఆయన తలుపు పట్టుకుని నిలబడ్డాడు. అందరూ నా వైపు చూశారు, సీసా తెరిచినప్పుడు లేనివాళ్లంతా.

నాకు కోపం వచ్చింది. ఈ ఇంట్లో గట్టిగా మాట్లాడటం ఇదే మొదటిసారి.

"ఉపాసం ఉంటే సోమవారం గొట్టమే అత్తా. నా చెయ్యి పట్టుకొని ఆటోలో ఏం చెప్పినావు నువ్వు? పెట్టియ్యొద్దు అన్నావు. దానికోసమే చేసినా. నువ్వు తెలిసి తాగలేదు, నేను తెలిసి పోసినా. పాపం నాది. ఉపాసం నేనుంటా. నువ్వు తిను."

కుడిచేత్తో దుప్పటి సర్దుకుని నా వైపు తిరిగింది.

"ఒకరి ఉపాసం ఇంకొకరు ఉంటారా?"

"మొగుడి కోసం పెండ్లాం ఉండటం లేదా? అత్త కోసం కోడలు ఉంటే తప్పేంది?"

"నీళ్లు కూడా ముట్టకూడదు."

"ముట్టను."

"మడి కట్టుకొని నువ్వే వండాల. నువ్వే తినిపియ్యాల."

"నేనే కదా రోజూ తినిపిచ్చేది."

"అయితే తింటా," అంది. "ఇప్పుడు కొంచెం మజ్జిగ తీసుకురా."

నవంబరు 15, ఏకాదశి

వండాను. నేను ముట్టలేదు. అత్త తింది. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం చారు, అన్నం, బీరకాయ కూర. "ఉప్పు తక్కువైంది," అని కూడా అంది.

గొంతు ఎండిపోయింది. మధ్యాహ్నానికి తల తిరిగింది. అయినా ఉపవాసం కష్టమనిపించలేదు. తినకుండా ఉండటం నాకు కొత్త కాదని ఈరోజే గమనించాను.

కష్టమంతా ఆరింటికి వచ్చింది. దీపం పెట్టి వంటింట్లోకి పోయి స్టవ్ ఆపేశాను. చెయ్యి దానంతటదే ఫ్రిజ్ మీదికి పోయింది. లోపల సీసా లేదు. లేదని తెలుసు. అయినా తలుపు తెరిచి ఆ వెలుతురులో నిలబడ్డాను. ఇంత బాధ ఎందుకో నాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. అత్తకు ఆకలి పుట్టించడానికి తెరిచాను సీసా, నిజమే. మూడో తేదీ నుంచి మాత్రం ఆ మూతల కోసమే నేను పొద్దుననుంచి సాయంత్రం దాకా నడిచాను. చెడిందేమో చూశానని, ఒక్క మూతేనని ఇన్నిరోజులు ఇందులో రాశాను. నేను తప్ప ఎవరూ చదవని పుస్తకంలో ఎవరి కోసం ఆ అబద్ధం?

అత్త పిలిచింది. పోయాను. భవాని గుడికి పోయింది.

"ఆరైంది. నాలుక లాగుతుందా?"

కొంగుతో నోరు తుడుచుకున్నాను.

"నన్ను లేపేటప్పుడు నీ నోట్లో అదే వాసన వచ్చేది. నీకూ అరుగుదల లేదేమో, పాపం, నువ్వూ ఆసవం తాగుతాండావు అనుకున్నా."

"అరుగుదల కాదు అత్తా. అలిసిపోయినా."

ఇరవై రెండేళ్ల కాపురంలో ఈ మాట ఎవరితోనూ అనలేదు. అన్నాక కూడా ఇల్లు అలాగే ఉంది. ఆమె మంచం అంచు మీద చేత్తో తట్టింది. కూర్చున్నాను. సహస్రనామం అయ్యేదాకా ఇద్దరమూ అలాగే ఉన్నాం.

నవంబరు 16, ద్వాదశి

పొద్దున అత్తకు తలస్నానం. యేసుమణి సాయం పట్టింది. భవాని బస్సెక్కింది, నాతో సరిగ్గా మాట్లాడలేదు, నా సంచిలో మాత్రం జాకెట్టు గుడ్డ పెట్టిపోయింది. పారణ చేశాను, వంటింటి గట్టు దగ్గర నిలబడి రెండు ముద్దలు. అప్పటికే ఉడికించిన క్యారెట్ కోసం అత్త పిలుస్తోంది.

నవంబరు 17, సోమవారం

డాక్టర్ దగ్గరికి పోయాం. అత్తను ఇద్దరం పట్టుకుని తూకం మిషన్ మీద నిలబెట్టాం. పెరిగింది. ఎక్కువేమీ కాదు, అయినా పెరిగింది. గొట్టం మాట డాక్టర్ ఎత్తలేదు. "ఏం పెట్టారమ్మా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు అత్త అందుకుంది.

"దీన్ని కూడా ఎక్కించు నాయనా."

డాక్టర్ నవ్వి, "పేషెంట్ మీరు కదా," అన్నాడు.

"ఎక్కించమంటాంటే."

చెప్పులు విప్పి ఎక్కాను. మిషన్‌లో ముల్లు ఎక్కడ ఆగిందో చూసి డాక్టర్ నవ్వు ఆపాడు. పోయిన ఏడాది మోకాళ్ల నొప్పికి వచ్చినప్పటి కాగితం తీసి చూశాడు. నన్ను కూర్చోమన్నాడు. కన్ను రెప్ప లాగి చూశాడు. రక్తం పరీక్ష రాశాడు. మా ఆయన ఫోన్ మాట్లాడుతున్నవాడు మాట్లాడుతూనే నా వైపు చూశాడు, తర్వాత ఫోన్ పెట్టేశాడు.

ఆటోలో ఇంటికొచ్చాం.

మధ్యాహ్నం పప్పన్నం కలిపి ప్లేటు తీసుకుని ఆమె పక్కన కూర్చున్నాను. ముద్ద నోటి దగ్గరికి తీసుకెళ్లాను. నోరు మూసింది. తిండి మానడం మళ్లీ మొదలైందనుకున్నాను.

"నువ్వు తిన్నావా?"

"నువ్వు తిన్నాక తింటా అత్తా."

"మా అత్త మధ్యాహ్నం మూడుకు తినేది. ఆమె తిన్నాక మామకు చెంబుతో నీళ్లు, ఆ తర్వాత పిల్లోళ్లు. నేను తినేసరికి దీపాలు పెట్టే యాళ. ఆకలి ఎప్పుడు పోయిందో తెలీనే లేదు నాకు. నీకూ అదే చేసినా నేను. చూస్తానే చేసినా."

"అట్ల కాదులే అత్తా."

"అట్లనే. ఇప్పటి నుంచి నువ్వు తిన్నాకే నేను. నువ్వు ఎన్ని ముద్దలు తింటే నేనూ అన్ని. నువ్వు తినకపోతే గొట్టం పెట్టిచ్చుకుంటా, పో."

అత్త కంటే ముందు ఈ ఇంట్లో నేను ఎప్పుడూ తినలేదు. ఇంకో పని తగిలించింది నాకు, అనుకున్నాను. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఆయన వాకిట్లోంచి లోపలికి వచ్చి, ఏం చేయాలో తెలియక, చెంబుతో నీళ్లు తెచ్చి నా పక్కన పెట్టాడు.

ఆ ముద్ద నా నోట్లో పెట్టుకున్నాను. వేడిగా ఉంది. నమిలాను. అది గొంతు దిగేదాకా ఆమె నన్నే చూస్తూ ఉంది. తర్వాత నోరు తెరిచింది.